పటంలో ఖాళీ జాగ

దొంతులపల్లి చెరువుకు బిక్షం పదకొండేళ్లు నీరటిగా పనిచేశాడు. తూము తెరిచేదీ మూసేదీ అతనే. ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూసేదీ, కట్టలో ఎలుకలు తవ్విన బొక్కలు వెతికి పూడ్చేదీ, చెరువు నిండి పొంగితే మత్తడి దగ్గర కాపలా ఉండేదీ అతనే. కోతలప్పుడు ప్రతి రైతూ కల్లంలో అతనికి కొన్ని మోపులు విడిచిపెట్టేవాడు. వేరే జీతం లేదు. శంషాబాదుకు కోసెడు దూరంలో ఉన్న ఆ ఊళ్లో రెండు వందల ఇళ్లు ఉన్నాయి. వాటిలో బిక్షానిది లేదు.

అతను ఉండేది కట్ట తూర్పు కొసన, పల్లంలో, వాగు పక్కన వేసుకున్న ముప్పై మూడు గుడిసెల్లో. ఊరివాళ్లు వాటిని మునిగినోళ్ల గుడిసెలు అనేవారు. పట్నానికి వరద రాకుండా సర్కారు పెద్ద జలాశయం కట్టినప్పుడు దాని అడుగున పోయిన ఊళ్లలో ఈదులగూడ ఒకటి. వీళ్లు ఆ ఊరివాళ్లు.

అప్పుడు బిక్షానికి ఇరవై రెండేళ్లు. నీళ్లు వస్తున్నాయి, ఖాళీ చేయండని డప్పు కొట్టి చాటించారు. భయపడ్డవాళ్లు ఆ వారంలోనే సామాన్లు బండ్లకెత్తుకుని బంధువుల ఊళ్లకు వెళ్లిపోయారు. బిక్షం తల్లి ముత్తమ్మ కూడా భర్తనూ కొడుకునూ తొందరపెట్టి బయల్దేరదీసింది. నీళ్లు వచ్చింది ఎనిమిది నెలల తర్వాత. ఈలోగా కచేరి నుంచి గుమాస్తా ఒకడు వచ్చాడు. వెంట చప్రాసి వెదురుబొంగుకు కట్టిన ఎర్రజెండా పట్టుకుని ఇంటింటి ముందూ పాతుతుంటే, ఆ ఇంటి ముందు నిలబడ్డ మనుషులను గుమాస్తా లెక్క రాసుకున్నాడు. లెక్కకెక్కినవాళ్లకు వేరేచోట భూమి చిట్టీలు వచ్చాయి. ముందే వెళ్లిపోయిన వాళ్లకు ఏమీ రాలేదు. అర్జీలు పట్టుకుని ఆరేళ్లు తిరిగి, చివరికి ఈ వాగు ఒడ్డున తేలారు. బిక్షం తండ్రి ఆ తిరుగుళ్లలోనే చనిపోయాడు.

"కాలు కదిపినోడు కాయితంల ఉండడు" అనేది ముత్తమ్మ. గుడిసెల్లో చంటిపిల్లలకు కూడా ఆ మాట నోటికి వచ్చు.

వాగు ఒడ్డు సర్కారు భూమి. ఊరి పటంలో అక్కడ ఏమీ లేదు. పట్వారీ రామచంద్రయ్య తన రికార్డులో ఆ జాగను 'ఆబాది' అని, అంటే మనుషుల నివాసమని రాసి పైకి పంపితేనే గుడిసెలు ఉన్నట్టు లెక్క. రాయనంతకాలం ఊరి శిస్తు వసూలు చేసే మాలీపటేల్ ఈశ్వరయ్య ఎప్పుడు లేవమంటే అప్పుడు లేవాలి. ఆయన మడికి నాట్లకు పిలిస్తే పోవాలి. ఆయన కూతురు పెళ్లికి వారం రోజులు కట్టెలు కొట్టాలి. "జాగ నీ తాతదారా?" అని ఆయన అడిగితే చూపించడానికి కాయితం ఉండేది కాదు. బిక్షం నీరటి పనికి ఒప్పుకున్నదే పట్వారీకి దగ్గరగా మసలవచ్చని. పదకొండేళ్లలో అతను పట్వారీని కోరింది ఆ ఒక్క మాటే. ఆబాది అని రాయమని.

యుద్ధం నడుస్తున్న కాలం. కిరసనాయిలు చీటీల మీద ఇస్తున్నారు. అంతకుముందు మూడేళ్లు వానలు వెనకబడ్డాయి. చెరువు నిండితే మిగులు నీళ్లు దుంకి పోయేందుకు పడమటి కొసన రాతితో కట్టిన మత్తడి ఉంది. నీళ్లు అలా పోతుంటే రైతులకు ప్రాణం ఒప్పలేదు. మొదటి ఏడు మత్తడి మీద జానెడు ఎత్తు మట్టిపెళ్లలు పెట్టించారు. రెండో ఏడు మూరెడు చేశారు. ఈ ఏడు వానకు ముందే రాళ్లూ తుమ్మకంపా వేసి, మధ్యలో మట్టి కూరి, నడుము ఎత్తు లేపారు. పెట్టింది బిక్షం చేతులే. అది తప్పని అతనికి తెలుసు. కట్ట ఎత్తు పెంచకుండా మత్తడి పెంచితే చెరువు గొంతు నొక్కినట్టే. కానీ పెంచిన ప్రతిసారీ పట్వారీ "నీ సంగతి నాకు యాదున్నది బిక్షం" అనేవాడు.

భాద్రపదం చివర ముసురు పట్టింది. మూడో రోజుకు నీళ్లు మత్తడి మీది కొత్త మట్టి అంచుకు వచ్చాయి. బుధవారం పొద్దున బిక్షం పట్వారీ ఇంటి అరుగు దగ్గరికి వెళ్లాడు. ఈశ్వరయ్య అక్కడే కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

"పటేలా, మత్తడి మీదిది తీసేస్త. ఇయ్యాలైతే చెయ్యి పెట్టొచ్చు. రేపటికి నీళ్లు దుంకుతయి, ఇగ దగ్గరికి పోలేం."

"తీసినంక వాన ఆగుతది. అప్పుడు యాసంగికి నీ అవ్వ పోస్తదా నీళ్లు, కడవతోని?"

అరుగు మీద ఉన్నవాళ్లు నవ్వారు. బిక్షం కదలలేదు.

"కట్ట నడుమ ఊట కనబడుతున్నది పటేలా."

"ఊట తేటగున్నదా, ఎర్రగున్నదా?"

"ఇప్పటికి తేటగనే ఉన్నది."

"మరింకేంది! తేట నీళ్లకు భయపడేటోనివి నీరటి పని ఎందుకు పట్టినవ్? చేపల గంప ఎత్తుకోకపోయినవా?"

ఈశ్వరయ్య లేచి వెళ్లాక రామచంద్రయ్య గొంతు తగ్గించాడు.

"ఇగ జర ఓపిక పట్టు బిక్షం. శుక్రారం గిర్దావర్ సాబ్ వస్తున్నడు. మీ గుడిసెలు చూపిస్త. ఎవరి గుడిసె ముందట వాళ్లను నిలబెట్టు. ఒక్కటి ఖాళీ కనబడ్డా నేను చేసేదేం లేదు. ఈ రెండొద్దులు పటేలుతోని కయ్యం పెట్టుకోకు."

గిర్దావర్ అంటే తాలూకా కచేరి తరఫున ఊళ్లు తనిఖీ చేసే అధికారి. ఆయన వస్తున్న మాట అబద్ధం కాదు. జాబు వచ్చింది. ఎందుకు వస్తున్నదీ జాబులోనే ఉర్దూలో రాసి ఉంది. ఊళ్లో ఉర్దూ చదవగలిగినవాడు రామచంద్రయ్య ఒక్కడే.

బిక్షం ఆ రోజే గుడిసె గుడిసెకూ చెప్పాడు. శుక్రవారం ఎవరూ కూలికి పోవద్దు, శంషాబాదు అంగడికి పోవద్దు. వాన పడ్డా రాళ్లు పడ్డా ఎవరి గుడిసె ముందర వాళ్లు ఉండాలి. అందరిలోకి పెద్దవాడైన ఐలయ్య రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"నిజంగనే రాస్తడంటవా బిక్షం?"

"పట్వారీ పంతులు నోటితోని చెప్పిండు, మామా."

"మరి జెండా తెస్తడా? జెండా లేకుంటే లెక్క కాదు."

"తెస్తడేమో."

ముత్తమ్మ ఆ సాయంత్రం గోడలకు ఎర్రమన్ను పూసింది. వానకు అది నిలవదని కోడలు సత్తెమ్మ అంటే, "సాబ్ చూసేదాంక నిలిస్తే చాలు" అంది.

శుక్రవారం తెల్లవారేసరికి బిక్షం కట్ట మీద ఉన్నాడు. మత్తడి మీద నీళ్లు తుమ్మకంపను దాటి ఎగిరి దుంకుతున్నాయి. ఆ హోరులో ఎదురుగా ఉన్న మనిషి మాట వినబడదు. అతను కట్ట నడుమకు వెళ్లి, ఊరివైపు కిందికి దిగి, ఊట కారుతున్నచోట ధోవతి కొస పట్టాడు. తీసి చూస్తే గుడ్డ మీద ఎర్ర మరక ఉంది. పిండి, మళ్లీ పట్టాడు. మళ్లీ ఎర్రగానే వచ్చింది. కట్ట లోపల కరుగుతోంది.

గిర్దావర్ గుర్రం మీద వచ్చేసరికి రెండు జాముల పొద్దు కూడా కాలేదు. అప్పటికే ఆయన రెండు చెరువులు చూసి వచ్చాడు. ఇంకా మూడు ఉన్నాయి. గొంతుకు మఫ్లరు చుట్టుకుని దగ్గుతున్నాడు. చప్రాసి గొడుగు పట్టినా భుజాలు తడిసిపోయాయి. ఈశ్వరయ్య, రామచంద్రయ్య, ఊరి రైతులు ఇరవై ముప్పై మంది కట్ట మీద చేరారు. బిక్షం ధోవతి కొస చూపించాడు. గిర్దావర్‌కు అది ఏమిటో తెలుసు. తోలుసంచిలోంచి పటం తీసి, గొడుగు కింద విప్పాడు.

ముందటేడు పక్క తాలూకాలో ఒక చెరువు తెగి మూడు ఊళ్లు పోయాయి. ఆ తర్వాత కచేరిలో ఒక ఏర్పాటు చేశారు. ప్రతి పెద్ద చెరువుకూ పటం తీసి, కట్ట ఆగదనుకుంటే ముందే ఎక్కడ గండి కొట్టాలో ఎర్రసిరాతో గీత పెట్టారు. నష్టం తక్కువ ఉన్నచోట గీత పెట్టాలని పైనుంచి ఉత్తరువు. నష్టమంటే శిస్తు కట్టే భూమి. గీత పెట్టినవాళ్లు ఏ చెరువునూ చూడలేదు. పాత పటాలు చూశారు.

"తూర్పు కొస," అన్నాడు గిర్దావర్, పటం మీద వేలు పెట్టి. "నీళ్లు వాగుల పడి పోతయి. కింద ఒక్క ఎకరం పట్టా లేదు. ఖాళీ జాగ." తర్వాత తలెత్తి ఆ వైపు చూశాడు. వానలో గుడిసెల కప్పులు మసకగా కనిపిస్తున్నాయి. "అవి ఏంది పట్వారీ? ఆబాది ఉన్నదా అక్కడ?"

రామచంద్రయ్య రికార్డుల దస్తరం మూటను చంకలోకి జరుపుకున్నాడు. ఉందంటే పదేళ్లుగా ఎందుకు రాయలేదని అడుగుతారు.

"రికార్డుల లేదు సాబ్. గొల్లోళ్లు మందలు తోలుకొచ్చినప్పుడు వేసుకునే పందిళ్లు. వానకాలం ఎవరుండరు."

"ఉన్నం సాబ్," అన్నాడు బిక్షం. "ముప్పై మూడు గుడిసెలు. నూట నలభై మందిమి. నా అవ్వ ఉన్నది, నా పెండ్లాం ఉన్నది. ఇగో, ఇయ్యాల మీరు వచ్చి రాస్తరనే అందరినీ ఇంటి ముందర నిలబెట్టిన."

"నేను రాస్తనా? ఏం రాస్తను?"

బిక్షం పట్వారీ వైపు చూశాడు. రామచంద్రయ్య దస్తరం మూట మీద పడ్డ చినుకులు తుడుస్తున్నాడు.

"మత్తడి మీద పెట్టింది తీస్తే నీళ్లు దిగుతయి సాబ్," అన్నాడు బిక్షం. "గండి అవసరం లేదు."

"మత్తడి మీద ఏం పెట్టిన్రు?"

ఈశ్వరయ్య అందుకున్నాడు. "కొట్టుకొచ్చిన కంప సాబ్. ఇప్పుడు ఎవడు పోతడు అక్కడికి? పోతే పట్టుకపోతది. ఈడు అవ్వ మీద ప్రేమతోని వంకలు చెప్తున్నడు. నడుమ తెగితే రెండు వందల ఇండ్లు సాబ్, నూరెకరాల వరి!"

అందులో అబద్ధం కొంతే. కంప దగ్గరికి ఇప్పుడు మనిషి పోలేడన్నది నిజం. బుధవారమైతే పోగలిగేవాడు.

గిర్దావర్ దగ్గి, ఉమ్మి, గడియారం తీసి చూశాడు.

"రికార్డుల లేకున్నా మనుషులే కద. గంట సేపు ఇస్తున్న. అందరినీ ఎత్తు మీదికి తోలు. నువ్వు మళ్ల ఇక్కడికి రా. కట్ట విడిచి పోయిన నీరటిని నేను మాఫ్ చెయ్య."

బిక్షం కట్ట మీదుగా పరుగెత్తాడు.

గుడిసెల ముందర అందరూ నిలబడి ఉన్నారు. ఆడవాళ్లు తలలు దువ్వుకున్నారు. ఉన్నవాళ్లు ఉతికిన బట్టలు కట్టుకున్నారు. ఐలయ్య తలకు రుమాలు చుట్టి, పైన గోనె కప్పుకున్నాడు. ముత్తమ్మ గడపలో పీట వేసుకుని కూర్చుంది. గోడ మీది ఎర్రమన్ను అప్పటికే చారలు చారలుగా కారిపోయింది.

"గండి కొడుతున్నరు! ఈడనే కొడుతున్నరు! లెవ్వున్రి, గుట్ట మీదికి పోవాలె!"

ఎవరూ కదలలేదు.

"సాబ్ వచ్చిండా?" అడిగాడు ఐలయ్య.

"వచ్చిండు. ఆయనే గండి కొట్టమంటున్నడు."

"పొద్దుమాపు నిలబడున్రి అని చెప్పింది నువ్వే. ఇప్పుడు పోవున్రి అంటున్నది నువ్వే. ఊరోళ్లు నీకు ఎన్ని మోపులు ఎక్కువిస్తమన్నరు బిక్షం? గుడిసెలు ఖాళీ చూపిస్తే సాబ్ వట్టిగ పోతడనేనా?"

"మామా, నీ కాలు మొక్కుత. ఊట ఎర్రగ వస్తున్నది."

"ఈదులగూడల గూడ నీళ్లు వస్తున్నయన్నరు. ఎనిమిది నెలలకు వచ్చినయి."

బిక్షం ఇంక ఆగలేదు. గడపలోకి వెళ్లి తల్లిని రెండు చేతులతో ఎత్తి భుజం మీద వేసుకున్నాడు. ముత్తమ్మ వీపు మీద పిడికిళ్లతో గుద్దింది. "దించురా! నీ అయ్యను తిప్పి సంపిన. గా తప్పు మళ్ల చెయ్య. దించు!" అతను దించలేదు. వాగు దాటి, బురదలో రెండుసార్లు జారి, ఆవలి గుట్ట ఎక్కాడు. నీరటి తన తల్లినే మోసుకుపోవడం చూశాక సత్తెమ్మ పక్కగుడిసె పిల్లలను చంకన వేసుకుంది. తర్వాత ఒకరి వెంట ఒకరు కదిలారు. అందరికన్నా చివర ఐలయ్య తిట్టుకుంటూ వచ్చాడు.

గుట్ట మీద బండ కింద తల్లిని కూర్చోబెట్టి, బిక్షం భార్యతో అన్నాడు. "ఎవరినీ దిగనియ్యకు."

"నేను చూసుకుంట. నువ్వు పో. ఆలస్యమైతే ఉన్న పని గూడ ఊడబీకుతరు."

అతను కట్ట ఎక్కి గుట్ట వైపు చెయ్యి చూపించాడు. గిర్దావర్ కళ్లజోడు తుడుచుకుని చూశాడు. బండ చుట్టూ మనుషులు గుంపుగా ఉన్నారు.

"అందరూ వచ్చిన్రా?"

"వచ్చిన్రు సాబ్."

"అచ్ఛా. నడువున్రి."

గిర్దావర్ గొడుగు కింద తూర్పు కొసకు నడిచాడు. పక్కన రామచంద్రయ్య దస్తరం చంకలో పెట్టుకుని నడిచాడు. వాళ్లకు ముందు చప్రాసి నడిచాడు. గండి కొట్టే చోటును దూరం నుంచి అందరూ గుర్తుపట్టాలి కనుక పొడుగాటి వెదురుబొంగు తెచ్చాడు. దాని కొసన ఎర్రగుడ్డ ఉంది. సరిగ్గా గుడిసెలకు పైన, కట్ట మీద దాన్ని పాతాడు.

రైతులు గడ్డపారలూ పారలూ పట్టుకుని దూరంగా నిలబడ్డారు. కట్టను తవ్వడమంటే దాన్ని కాచే దేవత కట్టమైసమ్మ ఒంటి మీద దెబ్బ వేయడం. మొదటి దెబ్బ నీరటిదే కావాలి. తర్వాత ఎవరు వేసినా దోషం లేదు. ఈ ఊళ్లో ఎప్పటి నుంచో అదే కట్టుబాటు.

"కొట్టు బిక్షం," అన్నాడు ఈశ్వరయ్య.

బిక్షం ఇంకోసారి గుట్ట వైపు చూశాడు. మనుషులు అక్కడే ఉన్నారు. కళ్లు మూసుకుని మైసమ్మకు మొక్కి, గడ్డపార ఎత్తి దించాడు. పైన కంకర గట్టిగా ఉంది. పది దెబ్బలకు మెత్తటి మన్ను తగిలింది. రైతులు చుట్టూ చేరి తవ్వడం మొదలుపెట్టారు. మోకాలి లోతు, నడుము లోతు. అందరి తలలూ వంగి ఉన్నాయి. వాన వీపుల మీద పడుతోంది. చెరువువైపు మిగిలిన పలచటి మట్టిగోడను బిక్షం పారతో నెట్టాడు. మొదట నీళ్లు కాలువలా వచ్చాయి. తర్వాత కట్ట అంచులు పెళ్లలు పెళ్లలుగా విరిగి పడ్డాయి. అందరూ వెనక్కి ఉరికారు.

కేకలు అప్పుడు వినబడ్డాయి. బిక్షం కిందికి చూశాడు. గుడిసెల ముందర మనుషులు నిలబడి ఉన్నారు. ఎవరి గుడిసె ముందు వాళ్లు. ఎర్రమన్ను పూసిన గోడ ముందు పీట మీద తెల్లటి తల ఒకటి కనిపించింది. కనిపించిన మరుక్షణం అది లేదు.

గుట్ట మీద జరిగింది తర్వాత సత్తెమ్మ చెప్పింది. కట్ట మీద గొడుగు కదలడం ముందు చూసింది ముత్తమ్మే. తర్వాత దస్తరం మూట, తర్వాత బొంగు, ఎర్రగుడ్డ. అవి గుడిసెల వైపే వస్తున్నాయి. "జెండా వచ్చింది," అంది. "గప్పుడు గూడ గిదే జెండా." సత్తెమ్మ చెయ్యి పట్టుకుంటే కొరికింది. ఆమె దిగుతుంటే ఐలయ్య దిగాడు. ఐలయ్య దిగుతుంటే ఇంకొందరు దిగారు. కొందరు సగం దూరం వెళ్లి, కట్ట మీద గడ్డపారలు లేవడం చూసి వెనక్కి ఉరికారు. అరిచారు. మత్తడి హోరులో ఎవరికీ వినబడలేదు. చూపు ఆనిన వాళ్లు బతికారు. ముసలివాళ్లకు జెండా ఎరుపు ఒక్కటే ఆనింది.

పదకొండు మంది పోయారు. ఊరు నిలిచింది. వరి నిలిచింది.

మర్నాడు వాన తెరిపి ఇచ్చింది. మధ్యాహ్నం గిర్దావర్ మిగతా చెరువులు చూసుకుని పంచనామాకు తిరిగి వచ్చాడు. వాగు ఇసుకలో దొరికిన శవాలను గుట్ట కింద వరసగా పడుకోబెట్టి తడిగుడ్డలు కప్పారు. అంతకుముందే రామచంద్రయ్య బిక్షాన్ని చింతచెట్టు చాటుకు పిలిచాడు. సత్తెమ్మ వెంట వచ్చింది. ఆయన వద్దనలేదు.

"చూడు బిక్షం. గుడిసెలల్ల మనుషులున్నరని రాస్తే సాబ్ నౌకరి పోతది, నాది పోతది. పోనీ. తర్వాతేందో ఆలోచించు. సర్కారు జాగల దొంగతనంగ ఉన్నరని మిమ్మల్ని ఎల్లగొడతరు. మత్తడి మీద ఎవరు పెట్టిన్రని అడుగుతరు. ఎవరు పెట్టిన్రు?"

బిక్షం తన చేతుల వైపు చూసుకున్నాడు.

"లేదంటే జాగ ఖాళీ అనే రాస్తం. చచ్చినోళ్లు దారిన పోయే ముసాఫిర్లు, వాన కోసం పందిళ్లల్ల తలదాచుకున్నరు. సాబ్‌తోని మాట్లాడిన. ఆయన మంచోడు. గుట్ట కింది ఎత్తు జాగ మీ గుడిసెలకు ఆబాది అని ఇయ్యాలనే రాస్తడు. లెక్కబెట్టి, దస్తఖత్ చేసి పోతడు. ఇయ్యాలనే."

బిక్షం భార్య వైపు చూశాడు. సత్తెమ్మ మణికట్టు మీద అత్త పళ్ల గాట్లు నల్లబడి ఉన్నాయి.

"నన్నేం అడుగుతవ్? అత్త బతికుంటే ఏమనేదో నీకెరుకలేదా?" అంది. "కాయితం కావాలనేది."

నీళ్లలో కొట్టుకొచ్చిన శవాలను గుర్తుపట్టి చెప్పవలసింది నీరటే. గిర్దావర్ కుర్చీ మీద కూర్చున్నాడు. రామచంద్రయ్య చాప మీద కలం పట్టుకున్నాడు. చప్రాసి మొదటి గుడ్డ ఎత్తాడు.

"ఈ మనిషి ఎవరో ఎరుకేనా?"

అది ఐలయ్య. తల రుమాలు ఎక్కడో పోయింది.

"ఎరుకలేదు."

రెండో గుడ్డ ఎత్తారు. మూడోది ఎత్తారు. గుడిసెలవాళ్లు పది గజాల దూరంలో నిలబడి వింటున్నారు. బిక్షం అలా ఎందుకంటాడో వాళ్లకు ముందే చెప్పి ఉంచారు. ప్రతి జవాబుకూ ఆ గుంపులో ఎవరో ఒకరు తల దించుకున్నారు. పదకొండో గుడ్డ కింద ముత్తమ్మ ఉంది. గోళ్ల సందుల్లో ఎర్రమన్ను ఇంకా ఉంది.

"ఈమె?"

గిర్దావర్ తలెత్తాడు. రామచంద్రయ్య కలం కాగితం మీద ఆనించి ఉంచాడు.

"ఎరుకలేదు సాబ్."

"ఆడమనిషి, డెబ్బై ఏండ్లు, లావారిస్, నా అనేటోళ్లు లేరు," అని చదువుకుంటూ రాశాడు పట్వారీ. బిక్షం బొటనవేలికి చప్రాసి సిరా పూశాడు. కాగితం మీద ముద్ర ఒత్తుగా పడింది.

ఆ తర్వాత లెక్క మొదలైంది. గుట్ట కింది జాగలో గీతలు గీసి, ఎవరి జాగలో వాళ్లను నిలబడమన్నారు. పూర్తయ్యేదాకా కదలవద్దని గిర్దావర్ గట్టిగా చెప్పాడు. అటూ ఇటూ తిరిగితే ఒకరినే రెండుసార్లు రాసే ప్రమాదం ఉంది. చప్రాసి ఎర్రజెండా ఒక్కో జాగలో పాతుతూ నడిచాడు. బిక్షం దగ్గరికి వచ్చి ఆగాడు.

"ఎందరు?"

"ఇద్దరం."

రామచంద్రయ్య రాసుకున్నాడు. జెండా ముందుకు కదిలింది. ఇంకా పద్దెనిమిది జాగలు ఉన్నాయి. ఎండ వచ్చింది. తడిగుడ్డల నుంచి ఆవిరి లేస్తోంది. గుట్ట మీది కాకులు ఒకటొకటిగా దిగి, వరస చివర వాలాయి. ఒకటి గుడ్డ కొసను ముక్కుతో లాగింది.

సత్తెమ్మ వంగి మట్టిపెళ్ల తీసుకుంది. ఒక అడుగు ముందుకు వేయబోయింది. బిక్షం ఆమె మణికట్టు పట్టుకున్నాడు. సిరా అంటిన వేలు సరిగ్గా గాట్ల మీద పడింది.

"కదలకు," అన్నాడు. "లెక్క కాలేదు."